బస్సు కదిలే ముందు

ఏవండీ,

మీ ఆవిడ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ చెల్లీ క్షేమంగానే ఉన్నాం. అక్కడ మీరూ, అత్తయ్యగారూ, మన అమ్మడూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. అనుకుంటున్నానని ఎందుకు రాశానంటే, మీ ఉత్తరంలో ఇంటి సంగతులు ఒక్క ముక్కలో తేల్చేసి ఇక్కడి బస్సుల గురించి రెండు పేజీల ప్రశ్నలు పంపారు. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయలేదు గానీ, ఇక్కడి బస్సుకి ఇంజను ముందుంటుందా వెనకుంటుందా అని అడిగారు. వెనకే ఉంటుంది. మోకాలి సంగతి ఈసారైనా రాయండి.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరాలేమిటని చెల్లి నవ్వుతోంది. ఫోన్లో మీరు 'ఊ' అంటారు, నేను 'సరే' అంటాను, మధ్యలో కుక్కర్ కూత పెడుతుంది, అక్కడితో సరి. మీరు కాగితం మీదే మనసు విప్పి మాట్లాడతారని పెళ్లైన కొత్తలోనే తెలుసుకున్నాను. చెల్లి కాలికి కట్టు విప్పారు. ఒక్క కర్రతో ఇల్లంతా తిరుగుతోంది. మరిది పక్క ఊళ్లో కొత్త మేడలకి కరెంటు పని చేస్తున్నాడు, ఆదివారాలు వచ్చి వెళుతున్నాడు. మిగతా రోజులు మేమిద్దరమే. మూడో అంతస్తులో చిన్న ఇల్లు. కిటికీ తెరిస్తే ఎదురుగా బస్సు స్టాపు. నా కర్మ కాకపోతే, నాలుగు నెలలు సెలవు పెట్టి చెల్లి కోసం ఇంత దూరం, పరాయి దేశం వచ్చి కూడా పొద్దున్నే కళ్లు తెరవగానే బస్సులే చూడాలా?

మీ మొదటి ప్రశ్న. "అక్కడి బస్సులు స్టాపులో ఆగుతాయా, మనలాగే పది గజాలు దాటాక ఆగుతాయా?" అసలు ఆగితే కదా గజాల సంగతి! వచ్చిన మూడో రోజు చెల్లి మందుల కోసం ఒక్కదాన్నే బయల్దేరాను. వాన పడుతోంది. గొడుగు వేసుకుని, స్టాపులో అందరికీ కనబడేలా ముందుకొచ్చి బుద్ధిగా నిలబడ్డాను. బస్సు వచ్చింది. డ్రైవరు నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. బస్సు నా ముందు నుంచి నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లిపోయింది. ఖాళీ బస్సండీ! సీట్లన్నీ వెలవెలబోతున్నాయి. నేనేమన్నా కరెంటు స్తంభాన్నా? వానలో బస్సు స్టాపులో నిలబడ్డ ఆడమనిషి బస్సు కోసం కాక పెళ్లిచూపుల కోసం నిలబడుతుందా? ఇంటికొచ్చి చెల్లి మీద విరుచుకుపడితే, "చెయ్యి చాపాలక్కా. చాపకపోతే వేరే బస్సు కోసం చూస్తున్నారనుకుంటారు," అంది. ఇరవై ఆరేళ్లుగా ఫుట్‌బోర్డు మీద నిలబడి జనాన్ని పిలిచి పిలిచి ఎక్కించుకున్నదాన్ని. ఇప్పుడు నేను చెయ్యి చాపి బస్సుని బతిమాలుకోవాలట!

కండక్టర్లు ఎలా ఉంటారని అడిగారు. కండక్టరే లేడు. ఉన్నది ఒక పెట్టె. కార్డు ఆనిస్తే 'కీచ్' మంటుంది. అదీ నా ఉద్యోగం. ఆ పెట్టెకి 'కాస్త లోపలికి జరగండి' అనడం రాదు. బాలింత ఎక్కితే 'లేవయ్యా, చోటివ్వు' అనడం రాదు. ముసలాయన ఊరు పేరు మరిచిపోతే ముఖం చూసి ఎక్కడ దింపాలో చెప్పడం అంతకన్నా రాదు. నాకు ఒళ్లు మండిపోయింది. మొన్న కర్ర పట్టుకున్న ఒకావిడ ఎక్కితే, ముందు సీట్లో ఉన్న కుర్రదాన్ని లేపి కూర్చోబెట్టాను, మన బస్సులో లేపినట్టే. బస్సంతా నన్ను దొంగని చూసినట్టు చూశారు. ఆ కర్ర పట్టుకున్నావిడకి కూడా కోపం వచ్చిందిట, నేనేమన్నా అంత ముసలిదాన్నా అని. చెల్లి చెప్పింది. మంచికి పోయినా ఇదే గతి.

మీరు తప్పకుండా నవ్వే సంగతి ఒకటి రాస్తాను. ఒకరోజు బజారు నుంచి వస్తూ వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. స్టాపులో నలుగురు దిగారు, ఇద్దరు ఎక్కారు, తలుపు మూసుకుంది. బస్సు కదలదు. నా చెయ్యి ఊరుకోలేదు. బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేసి, "రైట్, రైట్!" అన్నాను. డ్రైవరు పోనివ్వడానికి బదులు ఇంజను ఆపేశాడు. కిందికి దిగి, టైర్లన్నీ ఒక్కొక్కటే వంగి చూశాడు. ఏదో పేలిందనుకున్నాడు పాపం. మళ్లీ ఎక్కి, ఎవరు కొట్టారని అడిగాడు. జనం అందరూ ఒక్కసారి నా వైపు వేలు చూపించారు. అంతవరకూ పక్కవాడితో పలకనివాళ్లు, నన్ను పట్టివ్వడానికి మాత్రం ఏకమైపోయారు! నేను తల దించుకుని నిలబడ్డాను. అతనికి ఎలా చెప్పను, నాయనా, నేను నీ కులందాన్నే, బస్సు కులం అని?

హారను గురించి అడిగారు. ఇక్కడ హారను కొట్టడమంటే బూతు తిట్టడంతో సమానం. నెలన్నరలో రెండుసార్లు విన్నాను. ఆ రెండూ నా మీదే. ఇక్కడ బళ్లు మనకి ఎదురు వైపున నడుస్తాయి. నేను కుడివైపు చూసి దిగితే ఎడమవైపు నుంచి మీద పడతాయి. రోడ్డు దాటాలంటే స్తంభానికున్న బొత్తాం నొక్కి, పచ్చ బొమ్మ వెలిగేదాకా కాచుకోవాలి. అటు కనుచూపు మేర బండి లేదు, ఇటూ లేదు, అయినా పదిమంది పెద్దమనుషులు బొమ్మ కోసం నిలబడి ఉంటారు. నేను దాటేశాను. ఒక ముసలాయన వెనక నుంచి ఏదో అరిచాడు. పిల్లలు చూస్తున్నారు, సిగ్గులేదా అన్నాడుట. ఖాళీ రోడ్డు దాటితే సిగ్గులేనిదాన్ని, వానలో ఆడమనిషిని వదిలేసి పోయినవాడు మర్యాదస్తుడు!

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. దిగేటప్పుడు ప్రతివాళ్లూ డ్రైవరుకి కృతజ్ఞతలు చెప్పి దిగుతారు. చదువుకునే పిల్లల దగ్గర్నుంచి తాతల దాకా. అది విన్నప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది, కాకపోతే మనవాళ్ల మీద. ముప్పై ఒక్క ఏళ్లు మీరు ఎంతమందిని క్షేమంగా ఇంటికి చేర్చారు! దిగుతూ ఒక్కడైనా ఒక మంచి మాట అన్నాడా? 'ఇంతసేపా?' అనేవాళ్లే. ఇంకోటి. చక్రాల కుర్చీలో ఎవరైనా ఉంటే బస్సు ఒంటె కూర్చున్నట్టు ఓ పక్కకి వంగుతుంది. లోపలి నుంచి పలక బయటికొచ్చి నేలకి ఆనుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మనిషి కోసం వంగడం తెలిసిన బస్సుకి, మనిషి కూర్చునేదాకా ఆగడం ఎందుకు తెలియదో మాత్రం నాకు అర్థం కాలేదు.

ఆ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే, మీకు చెప్పిన ఒక అబద్ధం ముందు సరిదిద్దాలి. చెల్లి బాత్రూంలో జారి కాలు విరగ్గొట్టుకుందని మీకు చెప్పాం. అది నిజం కాదు. మొదట నాకూ అదే చెప్పింది, నిజం తెలిశాక కూడా బావగారు నానా హైరానా పడతారని నన్ను చెప్పనివ్వలేదు. అది పడింది బస్సులో.

లాండ్రీలో పొద్దున్నుంచీ దుప్పట్లు ఇస్త్రీ చేసి, మధ్యాహ్నం మూడింటికి ఇంటి బస్సు ఎక్కింది. కార్డు ఆనించి, రెండడుగులు వేసి, సీటు కోసం కడ్డీ పట్టుకుంది. కూర్చోలేదు. బస్సు విసురుగా కదిలింది. కడ్డీ మీంచి చెయ్యి జారి, మెట్టు మీద పడింది. చీలమండ మడత పడింది. ఇద్దరు లేపి కూర్చోబెట్టారు. డ్రైవరు తర్వాతి స్టాపులో ఆపి, వెనక్కి తిరిగి, బాగానే ఉన్నావా అని అడిగాడు. మన చెల్లి ఏమన్నదనుకున్నారు? "బాగానే ఉన్నాను," అంది! విరిగిన కాలితో! తన వల్ల బస్సు ఆగిపోయిందే అని సిగ్గుపడిందిట. దిగి, గోడలు పట్టుకుంటూ ఇంటికి వచ్చి, మూడంతస్తులు కూర్చుని కూర్చుని మెట్లెక్కింది. ఇదంతా నేను వచ్చిన పదిరోజులకి, తలకి నూనె రాస్తుంటే చెప్పింది. నూనె గిన్నె అక్కడే వదిలేసి లేచాను.

"ఫిర్యాదు ఇచ్చావా?"

"ఎందుకక్కా? మనం పరాయివాళ్లం. అతనేం కావాలని చేశాడా?"

"కావాలని చెయ్యకపోతే కాలు విరగలేదా? ఎవరూ అడగకపోతే రేపు ఇంకొకరిది విరుగుతుంది."

"నీకు చెప్పడమే నాది బుద్ధితక్కువ," అంది ఏడుస్తూ.

మర్నాడే బస్సుల ఆఫీసుకి వెళ్లి కాగితం తెచ్చాను. నేను తెలుగులో చెప్తుంటే చెల్లి వాళ్ల భాషలో రాసింది. మనిషన్నవాడు ఎక్కాక కూర్చున్నాడో లేదో చూడకుండా బండి తీసేవాడు స్టీరింగ్ పట్టుకోవడానికి పనికిరాడని ఆవేశంగా చెప్పాను. చాలా రోజుల తర్వాత పక్కింటి తెలుగావిడ ఆ నకలు చదివి అర్థం చెప్తే తెలిసింది, మన చెల్లి రాసింది ఇదిట: 'మా అక్క కొంచెం బాధపడుతోంది. వీలైతే చూడగలరు.' అయినా పిలుపు వచ్చింది. ఎందుకంటే ఇక్కడ ప్రతి బస్సులోనూ కెమెరా ఉంటుంది. మాట ఎంత మెత్తగా రాసినా బొమ్మ మెత్తగా ఉండదు.

ఆ గదిలో పొడుగాటి బల్ల, నీళ్ల గ్లాసులు, గోడకి తెర. బల్ల చివర అధికారిణి, కళ్లద్దాలు మెడలో వేలాడేసుకున్న సన్నటి మనిషి. ఎదురుగా ఆ డ్రైవరు. ఇంచుమించు మీ వయసు. నెరిసిన మీసం, ఒళ్లో టోపీ. డ్యూటీ మధ్యలోంచి వచ్చినట్టున్నాడు, అరచేతుల్లో స్టీరింగ్ కాయలు మీకున్న చోటే ఉన్నాయి. నేను అతన్ని కడిగిపారెయ్యాలని రెండు వారాలుగా మాటలు పేర్చుకున్నాను. ముందు తెర మీద వీడియో వేశారు. చెల్లి ఎక్కడం, కడ్డీ పట్టుకోవడం, పడడం. శబ్దం లేదు. తన పడడం తనే చూసుకుంటూ చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఆ తెర పగలగొట్టాలనిపించింది.

"అడుగు, ఎందుకు ఆగలేదో అడుగు," అన్నాను.

చెల్లి నసుగుతూ ఏదో అంది.

"అంత చిన్నగా అడిగావేంటే? నేను అరిచింది నీ నోట్లో జోలపాటైపోతోంది! నేనన్నది అన్నట్టు చెప్పు."

ఈసారి సరిగ్గానే అడిగినట్టుంది. ఆ డ్రైవరు టోపీ బల్ల మీద పెట్టి మాట్లాడాడు. చెల్లి ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. "అద్దంలో ఆవిణ్ణి చూశాను. కడ్డీ పట్టుకుంది కదా అనుకున్నాను. కూర్చునేదాకా ఆగాల్సింది. ఆగలేదు. తప్పు నాదే."

అంతే. ఇంకో మాట లేదు. వాన అనలేదు, జనం అనలేదు, ఆవిడే బాగున్నానంది కదా అని కూడా అనలేదు. నేను పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ అతనికి సరిపోలేదు. అధికారిణి కాగితం మీద ఏదో రాసుకుని, మీరు కోరితే ఇతన్ని డ్యూటీ నుంచి తప్పించడానికి సిఫారసు చేస్తామంది. ఏదో కూరల బేరం తెగ్గొట్టినట్టు!

అప్పుడు నాకు ఇంకో సంగతి తోచింది. ఇక్కడ డ్రైవరు ముందు చిన్న తెర ఉంటుంది. టైముకి నడిస్తే పచ్చగా, ఆలస్యమైతే ఎర్రగా వెలుగుతుంది. ముందు సీట్లో కూర్చుని నేను రోజూ అదే చూస్తుంటాను, పాత అలవాటు. "ఆ వేళ ఎర్రగా ఉందా?" అని అడిగించాను. అతను మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. ఉంది, మూడు నిమిషాలు అన్నాడు. ఎందుకని అడిగాను. గొట్టాల కోసం రోడ్డు తవ్వారు, ఆరు నెలలైంది, చుట్టు తిరిగి వెళ్లాలి, టైము మాత్రం పాతదే అన్నాడు. నేను అధికారిణి వైపు తిరిగాను.

"రోడ్డు తవ్వారని మీకు తెలుసా?"

తెలుసంది.

"తెలిసి టైము ఎందుకు మార్చలేదు?"

ఆ విభాగం వేరు అంది. ఏవండీ, సముద్రాలు దాటి వచ్చినా ఆ విభాగం వేరే! నాకు ఆగలేదు. లేచి నిలబడ్డాను. "ఇరవై ఆరేళ్లు బస్సులో పనిచేశాను. టైము రాసేవాడు కుర్చీలో కూర్చుని రాస్తాడు. ఆ టైముకి నడవలేక చచ్చేది డ్రైవరు. కాలు విరిగేది నా చెల్లిది. ఇతన్ని తీసేస్తే మీ ఎర్రలైటు ఇంకొకణ్ణి తరుముతుంది, అంతేగా?" అన్నాను. చెల్లి తర్జుమా చెయ్యడం మానేసి నన్నే చూస్తోంది. 'చెప్పవే' అన్నాను.

అప్పుడు చెల్లి, బస్సులో పడి కూడా బాగానే ఉన్నానన్న మన చెల్లి, కర్ర పట్టుకుని లేచింది. వాళ్ల భాషలో మాట్లాడడం మొదలుపెట్టింది. నేను చెప్పినది కాదు, తన మాటలే. చాలాసేపు మాట్లాడింది.  బయటికొచ్చాక ఏమన్నావే అని అడిగితే చెప్పింది. "నాకు క్షమాపణలొద్దన్నాను. ఇతని ఉద్యోగం తీయొద్దన్నాను. రోజంతా నిలబడి పనిచేసి వస్తాను, నేను కూర్చున్నాక బస్సు కదలాలి, ఇది అడగడానికి నేను ఈ దేశంలో పుట్టి ఉండక్కర్లేదన్నాను." పదమూడేళ్లుగా అది ఈ దేశంలో ఉంది. ఇంత గట్టిగా మాట్లాడడం ఇదే మొదలుట.

ఫలితం రెండు వారాలకి వచ్చింది. ఆ డ్రైవరుని హెచ్చరించి వదిలేశారు. మా రూటుకి అయిదు నిమిషాలు ఎక్కువ ఇచ్చారు, రోడ్డు బాగయ్యేదాకా మాత్రమే. అన్ని రూట్లకీ ఎందుకివ్వరని మళ్లీ రాయిస్తున్నాను, ఈసారి పక్కింటావిడ చేత. ఇంకా చూడండి విడ్డూరం, బస్సులన్నిట్లోనూ కొత్త కాగితం అంటించారు. ఏమని? 'ప్రయాణికులు త్వరగా కూర్చోవలెను' అని! డ్రైవరు ఆగవలెనని కాదు, కాళ్లు నొప్పులున్నవాళ్లు పరిగెత్తి కూర్చోవాలిట. చదివిన ప్రతిసారీ నాకు రక్తం మరుగుతోంది. మొన్న ఆ డ్రైవరు బస్సే ఎక్కాం. చెల్లి కూర్చుని, కర్ర సర్దుకుని, సంచి ఒళ్లో పెట్టుకునేదాకా అతను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. అప్పుడు తీశాడు. దిగేటప్పుడు నేను వాళ్ల భాషలో కృతజ్ఞతలు చెప్పాను. నాకు వచ్చిన ఒకే ఒక్క మాట అది.

ఇంతవరకూ అందరి మీదా ఆవేశపడుతూ రాశాను. ఇక నా సంగతి రాయాలి. 

ఆ గదిలో అతను "తప్పు నాదే" అన్నప్పుడు నాకు వినబడింది అతని గొంతు కాదు, మీది. పద్నాలుగేళ్ల కిందట డిపోలో విచారణ గదిలో మీరు సరిగ్గా ఆ రెండు మాటలే అన్నారు. మనిద్దరికీ ఒకే బస్సు మీద డ్యూటీ పడిన రోజులవి. సంత రోజు, మిట్టమధ్యాహ్నం, మలుపు స్టాపు. కూరగాయలమ్మే ఆ పెద్దావిడ గంప లోపల పెట్టి, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద వేసింది. బస్సు కదిలింది. ఆవిడ పడింది. తుంటి విరిగింది. విజిల్ విని తీశానని మీరు చెప్పారు. నేను వెయ్యలేదన్నాను. జనంలో ఎవరో ఆకతాయి వేసి ఉంటాడన్నాను. పొమ్మని రెండు విజిళ్లు పడినా అద్దంలో చూసుకోవాల్సింది నేనే, తప్పు నాదే అని మీరు సంతకం పెట్టారు. ఇంటికొచ్చాక కూడా నేను మీకు అదే చెప్పాను. ఆకతాయి అన్నాను.

ఆకతాయి ఎవరూ లేరండీ. ఆ విజిల్ నేనే వేశాను. ముందు వరసలో టిక్కెట్లు కొడుతున్నాను. వెనక ఎవరో 'పోనీ' అన్నారు. తల తిప్పి చూడాలి, చూడలేదు. విజిల్ నోట్లోనే ఉంది, వేసేశాను. పన్నెండేళ్లు పనిచేసినా అప్పటికి నాది పర్మనెంటు కాలేదు. తప్పు నాదని తేలితే ఆ వేళే ఇంటికి పంపేసేవారు. అమ్మడికి నాలుగేళ్లు. భయపడ్డాను. ఈ కారణాలన్నీ నిజమే, కానీ ఏ ఒక్కటీ చాలదు.

మీకు తెలుసా? నా విజిల్ చప్పుడు మీరు పోల్చలేరా? పెళ్లికి ముందు, డిపోలో పది బస్సులు ఒక్కసారి కదులుతుంటే అందులో నాది గుర్తుపట్టానని చెప్పి మురిసిపోయిన మనిషి మీరు. తెలిసే ఉంటే, ఇన్నేళ్లలో ఒక్కసారైనా నన్నెందుకు నిలదీయలేదు? ఎందుకలా ఊరుకున్నారు? మీ మీద కూడా కోపం వస్తోంది నాకు. అంత మంచితనం మనిషి మీద మోపకూడదండీ. మొయ్యలేం.

ఆ పెద్దావిడ మళ్లీ మన బస్సే ఎక్కేది, చేతికర్రతో. నేను ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టేదాన్ని. 'నువ్వు బంగారు తల్లివమ్మా, ఆ డ్రైవరే పాపిష్టోడు,' అనేది, మీకు వినబడేలా. మీరు ముందుకి చూస్తూ నడిపేవారు. నేను టిక్కెట్టు చింపి ఆవిడ చేతిలో పెట్టేదాన్ని. ఎన్ని సంతలు అలా గడిచాయో మీకూ తెలుసు. ఇక్కడివాళ్లు ఆగలేదని, చూడలేదని, పలకలేదని ఇన్ని పేజీలు నిప్పులు చెరిగాను. వాళ్లెవరూ పద్నాలుగేళ్లు పక్కనే కూర్చుని అన్నం పెడుతూ పలక్కుండా ఉండలేదు.

మీ చివరి ప్రశ్న, రిటైర్మెంటు సభ నాటికి వస్తావా అని. మీ సర్వీసు అంతా చదువుతారట, 'ఒక్క ప్రమాదం మినహా' అని కూడా చదువుతారట. 'చదవనీ, జరిగిందేగా,' అని రాశారు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మూసేసి వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఆ మాట చదవడానికి వీల్లేదు. దీనితోపాటు ఇంకో కాగితం పెట్టాను. డిపో మేనేజరుగారికి, మీ చేత్తోనే అందించండి. జరిగింది జరిగినట్టు రాసి, నా బ్యాడ్జి నెంబరు వేసి, సంతకం చేశాను. నాకింకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. ఉంచుతారో తీసేస్తారో వాళ్ల ఇష్టం. చెల్లికి కూడా చెప్పాను. అది వెళ్లి స్టాంపులు తెచ్చిచ్చింది.

సభకి నాలుగు రోజుల ముందే వస్తున్నాను. దిగగానే ముందు ఆ పెద్దావిడ ఇంటికి వెళతాను. మీరు రానక్కర్లేదు, అది నేను ఒక్కదాన్నే వెళ్లాల్సిన చోటు. ఆవిడ తిడితే తిట్టనివ్వండి. కొట్టినా పడతాను.

ఒక్క మాట. మీ స్వభావం నాకు తెలుసు. ఆ కాగితం చదివి, మడిచి, పొయ్యిలో పెట్టేసి, 'అందలేదు' అని రాస్తారు. అలా చేశారంటే, సభలో అందరి ముందూ నేనే లేచి చెప్తాను. మైకు ఇవ్వకపోయినా సరే. కిక్కిరిసిన బస్సులో వెనక సీటుదాకా వినబడిన గొంతు ఇది, మీ ఒక్క షామియానాకి చాలదా?

ఇట్లు,
మీ ఆవిడ